టోబా సరస్సు, జ్వాలాపురం బూడిద: పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న (బనగానపల్లె): నంద్యాల జిల్లా జ్వాలాపురం దగ్గర తవ్వే తెల్లటి పొడిని అంట్లు తోమే పౌడర్లలో కలుపుతారు. అది అగ్నిపర్వతం బూడిద అంటున్నారు. మన దగ్గర ఎప్పుడైనా అగ్నిపర్వతం ఉండేదా?

జవాబు: బూడిద అగ్నిపర్వతానిదే. ఆ పర్వతం మాత్రం ఇక్కడిది కాదు. ఇండోనేసియాలోని సుమాత్రా దీవిలో టోబా అనే చోట సుమారు 74 వేల ఏళ్ల కిందట పేలుడు జరిగింది. ఆ బూడిద గాలిలో దాదాపు 2,600 కిలోమీటర్లు ప్రయాణించి జ్వాలాపురం ఉన్న జుర్రేరు లోయలో పడింది. ఊరి పేరులో ‘జ్వాల’ ఉంది కదా అని దీనితో ముడిపెట్టకండి.

చిటికెడు పొడి తీసుకుని వేళ్ల మధ్య నలిపి చూడండి, గరగరలాడుతుంది. అది గాజు. శిలాద్రవంలో ఇమిడి ఉన్న వాయువులు పైకి వస్తూ పాలపొంగులా ఉబ్బి, ఆ నురగ ఒక్కసారిగా పగిలితే మిగిలే బుడగల గోడలే ఈ రేణువులు. బడిలో ఉండే మామూలు మైక్రోస్కోపులో 100 రెట్లు పెంచి చూసినా వంపు తిరిగిన పల్చటి పెంకులు కనిపిస్తాయి. మూడు బుడగలు కలిసిన చోట పగిలిన ముక్క ఇంగ్లీషు ‘వై’ అక్షరంలా ఉంటుంది. అంచులు పదునుగా ఉంటాయి కాబట్టే గిన్నెల మసి వదులుతుంది.

సుద్దమట్టిని చూసి ఇదే అనుకునేవాళ్లున్నారు. నాలుగు చుక్కల వెనిగర్ వేయండి. సుద్ద అయితే బుసబుసా పొంగుతుంది, గాజు బూడిద పొంగదు. అయితే నేలలోని సున్నం పట్టేసిన గడ్డ అయితే బూడిద కూడా పొంగుతుంది. అందుకని పైపైన కాకుండా పొర మధ్యలోంచి తీసిన పొడినే పరీక్షించాలి. తవ్వేటప్పుడు, జల్లించేటప్పుడు ముక్కుకు, నోటికి మాస్కు తప్పనిసరి. ఈ సన్నటి ధూళి ఊపిరితిత్తులకు చేటు.

ప్రశ్న (అనంతపురం): అక్కడ బూడిద రెండు మీటర్లకు పైగా ఉందట. ఆకాశం నుంచి అంత పడితే మనుషులు బతికి ఉంటారా?

జవాబు: ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. నేరుగా ఆకాశం నుంచి రాలింది కొన్ని సెంటీమీటర్లే. చుట్టుపక్కల గట్ల మీద పడిన బూడిదను వానలు కడిగి పల్లానికి చేర్చడంతో పొర అంత మందమైంది. తవ్విన గోడ చూస్తే తేడా తెలుస్తుంది. అడుగున మట్టికి ఆనుకుని శుభ్రమైన సన్నటి పొర, దాని పైన ఒండ్రు చారలు కలిసిన బూడిద. మొత్తం మందాన్ని ‘వాన’గా లెక్కగడితే ఉత్పాతం ఎన్నో రెట్లు పెద్దదిగా తేలుతుంది.

పురావస్తు శాస్త్రవేత్తలు మైఖేల్ పెట్రాగ్లియా, రవి కొరిశెట్టర్ తదితరులు 2007లో ప్రకటించిన తవ్వకాల్లో బూడిదకు కిందా పైనా ఒకే తరహా రాతి పనిముట్లు దొరికాయి. ఉన్నవాళ్లే బతికి బట్టకట్టారనడానికి ఇది మంచి ఆధారం. కానీ తిరుగులేని రుజువు కాదు, పనిముట్ల తీరు ఒకటైనంత మాత్రాన వాటిని చేసినవాళ్లు అదే సంతతి కానక్కర్లేదు. ఏమైనా, టోబా దెబ్బకు ఇక్కడ మనిషన్నవాడే మిగల్లేదన్న మాట మాత్రం ఈ పనిముట్ల ముందు నిలబడటం కష్టం. ఆ పొరల్ని చూడకుండానే తవ్వి అమ్మేస్తే ఈ ప్రశ్న తేల్చే అవకాశమే పోతుంది.

ప్రశ్న (హైదరాబాద్): టోబా సరస్సున్న 100 కిలోమీటర్ల పొడవు, 30 కిలోమీటర్ల వెడల్పు గొయ్యి ఒక్క పేలుడుతో పడిందా?

జవాబు: లేదు, నాలుగు పెద్ద విస్ఫోటాలు కలిసి చేసిన గొయ్యి అది. సుమారు 12 లక్షల ఏళ్ల కిందట ఉత్తర భాగంలో, 8 లక్షల ఏళ్ల కిందట దక్షిణంలో, 5 లక్షల ఏళ్ల కిందట మళ్లీ ఉత్తరంలో, చివరగా 74 వేల ఏళ్ల కిందట. చివరిదే అన్నిటికన్నా పెద్దది. దాదాపు 2,800 ఘన కిలోమీటర్ల శిలాద్రవం బయటపడిందని అంచనా. 1991లో ఫిలిప్పీన్స్‌లోని పినటూబో కక్కింది 5 ఘన కిలోమీటర్ల లోపో, ఆ దరిదాపుల్లోనో.

గొయ్యి పడింది పేలుడు తవ్వేయడం వల్ల కాదు, కూలడం వల్ల. నేల కింది శిలాద్రవం ఖాళీ అయ్యేకొద్దీ పైకప్పుకు ఆసరా పోయి, చుట్టూ పగుళ్లు తీసి మొత్తంగా లోపలికి దిగబడింది. అదే కాల్డెరా. తర్వాత వాన నీరు, ఏరుల నీరు చేరి సరస్సయింది. లోతు 500 మీటర్ల వరకు ఉంటుంది. మిగులు నీరు అసహాన్ నది గుండా పోతుంది.

నడుమనున్న సమోసిర్ దీవి మరో విశేషం. కింద మళ్లీ చేరిన శిలాద్రవం, దిగబడిన ఆ నేలను తిరిగి పైకి నెట్టింది. ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న సన్నటి మన్ను ఇప్పుడు దీవి మీద గట్టున కనిపిస్తుంది.

ప్రశ్న (విశాఖపట్నం): 2004 నాటి సుమాత్రా భూకంపం టోబాను మళ్లీ లేపిందా?

జవాబు: లేపలేదు. రెండిటికీ మూలం ఒకటే, సముద్రం అడుగున ఉన్న భూపటల పలక సుమాత్రా కిందికి దూరడం. అయితే పెద్ద విస్ఫోటానికి పేలగలిగే శిలాద్రవం నేల కింద భారీగా చేరి ఉండాలి, అందుకు వేల ఏళ్లు పడుతుంది. సరస్సు పడమటి ఒడ్డున పుసుక్ బుహిత్ అనే కొండ దగ్గర వేడినీటి బుగ్గలు, గంధకపు వాసన ఉన్నాయంటే వేడి ఇంకా ఉందని. గడిచిన విరామాలు సుమారు మూడు, నాలుగు లక్షల ఏళ్లు కదా అని తర్వాతి తేదీ లెక్కగట్టడం కుదరదు. మూడు విరామాలతో లెక్క తేలదు.

ప్రశ్న (నిజామాబాద్): లోణార్ సరస్సు కూడా ఇలాంటిదేనా?

జవాబు: కాదు. మహారాష్ట్రలోని లోణార్ ఉల్క పడి ఏర్పడిన గొయ్యి, వెడల్పు 1.8 కిలోమీటర్లు. చుట్టూ ఉన్న దక్కన్ నల్లరాయి లావాదే కాబట్టి అగ్నిపర్వతపు గొయ్యిలా అనిపిస్తుంది. కానీ అక్కడి రాళ్లలో దొరికే మాస్కెలినైట్ అనే గాజు, ఉల్క దెబ్బకు పుట్టే ఒత్తిడిలోనే తయారవుతుంది.