కాలేజీ బాస్కెట్‌బాల్‌లో 16వ సీడ్ జట్టు 1వ సీడ్‌ను ఎప్పుడైనా ఓడించిందా?

ఓడించింది. అమెరికాలో ఏటా మార్చిలో మొదలయ్యే ఎన్‌సీఏఏ (కాలేజీ క్రీడల సంఘం) పురుషుల టోర్నీలో ఇది రెండుసార్లు, 2018లోనూ 2023లోనూ జరిగింది. సీడ్ అంటే బలాన్ని బట్టి జట్టుకు ఇచ్చే ర్యాంకు. టోర్నీలోని నాలుగు విభాగాల్లో ఒక్కోదానిలో 1 బలమైన జట్టుకు, 16 బలహీనమైన జట్టుకు.

ఇలా జరగడానికి కారణం టోర్నీ పద్ధతిలోనే ఉంది. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ ప్లేఆఫ్స్‌లో (నాకౌట్ దశలో) నాలుగు మ్యాచ్‌లు గెలిస్తేనే సిరీస్ దక్కుతుంది కాబట్టి చివరికి బలమే నెగ్గుతుంది. కాలేజీ టోర్నీలో ఒక్క మ్యాచ్ ఓడితే ఇంటికే. ఆ 40 నిమిషాల్లో చిన్న జట్టుకు మూడు పాయింట్ల షాట్లు వరసగా పడితే, కోలుకోవడానికి పెద్ద జట్టుకు మరో రోజు ఉండదు.

2018లో వర్జీనియా యూనివర్సిటీ జట్టు నాలుగు 1వ సీడ్‌లలోనూ మొదటిది, అంటే టోర్నీ మొత్తానికే టాప్ సీడ్. ప్రత్యర్థికి పాయింట్లు ఇవ్వడంలో దేశంలోకెల్లా పిసినారి జట్టు. కీలక ఆటగాడు డీఆండ్రే హంటర్ మాత్రం మణికట్టు గాయంతో దూరమయ్యాడు. ఎదురుగా 16వ సీడ్ యూఎంబీసీ, అంటే మేరీలాండ్ యూనివర్సిటీ బాల్టిమోర్ కౌంటీ. సగం ఆటకు స్కోరు 21-21. రెండో సగంలో యూఎంబీసీ ఏకంగా 53 పాయింట్లు కొట్టి 74-54తో గెలిచింది. మూడు పాయింట్ల షాట్లు 24 వేస్తే 12 పడ్డాయి. జైరస్ లైల్స్ ఒక్కడే 28 పాయింట్లు చేశాడు. అంతమాత్రాన వర్జీనియాది ఉత్త పేరేనని అనుకోకూడదు. మరుసటి ఏడాది ఛాంపియన్ ఆ జట్టే.

ఇలాంటి సంచలనం 2018లోనే మొదటిసారి జరిగిందని చాలామంది అనుకుంటారు. అది పురుషుల టోర్నీకే వర్తిస్తుంది. మహిళల టోర్నీలో 16వ సీడ్ హార్వర్డ్ 1998లోనే, 1వ సీడ్ స్టాన్‌ఫర్డ్‌ను దాని సొంత కోర్టులో 71-67తో ఓడించింది.