నాన్న గురించి రాసే ముందు అమ్మ దగ్గర కూర్చో

తమ్ముడూ, వందనాలు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన నాలుగు పేజీలూ రాత్రి చదివాను, పొద్దున్నే లేచి మళ్ళీ చదివాను. నాన్నగారు పోయి అప్పుడే ఏడాది కావస్తోందంటే నమ్మబుద్ధి కావట్లేదు. జ్ఞాపకార్థ కూడికలో చదవడానికి రాశానన్నావు, చాలా మంచి పని చేశావు, మన ఇళ్ళల్లో ఇలాంటి మనుషులు పోతే కార్డు మీద ఒక ఫోటో, కింద బైబిల్ వాక్యం రెండో తిమోతి నాలుగు ఏడు, అంతకుమించి ఏం మిగలట్లేదు.

ఒక మాట చెప్తా, ఏమనుకోకు. మొదటి పేజీలో భక్తిపరుడు, ప్రార్థనాపరుడు, ఆదర్శ భర్త, ప్రేమగల తండ్రి అని వరసగా పెట్టావు. అన్నీ నిజమే, ఆయన్ని నేను ఎరుగుదును కదా. కానీ అవి ప్రతి కూడికలో ప్రతి పెద్దాయనకీ చదివే మాటలే, వినేవాళ్ళకి మీ నాన్న కనపడరు. ప్రార్థనాపరుడు అనే బదులు ఆయన ఎన్నింటికి లేచేవారు, లైటు వేస్తే పిల్లలు లేస్తారని చీకట్లోనే కూర్చునేవారా, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో పుస్తకం చూడకుండా ఏ నంబరు పాడేవారు, అది రాయి.

రెండో పేజీ అంతా మన ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారి గురించే. ఒంగోలు వాళ్ళం, ఆ కథ లేకుండా మనకి ఏదీ మొదలవదు, నాకు తెలుసు. కానీ 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారన్నది ఆ కూడికలో కూర్చున్న ప్రతివాళ్ళకీ తెలుసు. నువ్వు వదిలేసిందేంటంటే, కరువులో దొరగారు బకింగ్‌హామ్ కాలవ పని కాంట్రాక్టు తీసుకుని మనవాళ్ళకి కూలీ చూపించారే, ఆ కరువు సాయం నడిచినన్నాళ్ళూ ఆయన బాప్తిస్మాలు ఇవ్వలేదు, అన్నం కోసం చేరారనే మాట రాకూడదని. ఈ ఒక్కటీ చేర్చి మిగతాది తీసెయ్, ఎందుకో ఇప్పుడు చెప్తా.

మూడో పేజీ చివర్లో కుల సర్టిఫికెట్ గురించి ఒక చిన్న వాక్యం ఉంది, "సర్టిఫికెట్ విషయంలో నాన్న రాజీ పడలేదు" అని. అంతే రాసి పక్క విషయంలోకి వెళ్ళిపోయావు. అక్కడే నాకు గుండె పట్టేసింది తమ్ముడూ, నీ వ్యాసం అదే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుతో క్రైస్తవులం అని చెప్పుకున్న దళితులకి ఎస్సీ హోదా లేకుండా పోయింది, తర్వాత 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి ఇచ్చారు గానీ మనకి ఇవ్వలేదు. అందుకే మనలో చాలామందికి స్కూల్లో ఒక పేరు, చర్చిలో ఒక పేరు. వాళ్ళని నేను ఒక్క మాట అనను, పిల్లల బతుకు ముందు ఎవరైనా ఏం చేస్తారు, తప్పంతా ఆ ఉత్తర్వుదే అని నా నమ్మకం. కానీ మీ నాన్నగారు ఫారంలో క్రిస్టియన్ అని రాసి బీసీ-సీ తీసుకున్నారు, అంటే క్రైస్తవులైన ఎస్సీలకి పెట్టిన బీసీ గ్రూపు, ఉన్న రిజర్వేషన్ 1 శాతం, మీ సొంత అక్కకి ఆ ఏడు సీటు రాలేదు. ఇది నువ్వే నాకు ఫోన్లో చెప్పావు, పేపర్ మీద మాత్రం పెట్టలేదు. కరువులో దొరగారు ఆగిన కారణం, ఆఫీసు కిటికీ దగ్గర మీ నాన్న పెన్ను పట్టుకుని ఆగిన కారణం ఒకటే కదా.

ఇక్కడ నిదానంగా రాయి. ఆ రాత్రి ఇంట్లో ఎవరైనా అన్నం తిన్నారా, అక్క ఏమంది, ఆయన అక్క ముఖం చూడగలిగారా. అక్కని అడిగి ఆవిడ సరేనంటేనే రాయి. ఇంకొకళ్ళు ఇలా చేశారు మా నాన్న చెయ్యలేదు అని మాత్రం పోల్చకు, ముందు వరసలో కూర్చున్న వాళ్ళ మనసు నొచ్చుకుంటుంది, నాన్నగారికే అది ఇష్టం ఉండదు.

తర్వాత అమ్మ. నాలుగు పేజీల్లో అమ్మగారు ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నేనూ ఈ పొరపాటే చేశాను, మా నాన్న పోయినప్పుడు కూడికలో ఆయన దశమభాగం, అంటే జీతంలో పదో వంతు కానుక, ఒక్క నెల కూడా తప్పలేదని గొప్పగా చదివాను, అందరూ ఆమెన్ అన్నారు. ఇంటికొచ్చాక మా అమ్మ ముసుగు తీసి పక్కన పెట్టి నెమ్మదిగా చెప్పింది, జీతం రాగానే ఆయన కానుక కవరు పక్కన పెట్టేసేవాడు, ఆ తర్వాత బియ్యం కొట్టు బాకీకి సరిపోయేది కాదు, నేను కొట్టు ముందు నుంచి వెళ్ళలేక చెరువు కట్ట మీదుగా చుట్టూ తిరిగి వచ్చేదాన్ని అని. ఆ మాట చెప్తుంటే కోపం లేదు, ఏడుపూ లేదు. నీకు టైఫాయిడ్ వచ్చినప్పుడు మాత్రం ఆ కవరు చింపి నా చేతిలో పెట్టాడు, తర్వాత ఆరు నెలలు కాఫీ మానేసి ఆ డబ్బు తిరిగి వేశాడు, నేనూ మానేశాను, అంది. ఇద్దరూ కాఫీ మానేశారన్న సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. కూడికలో నేను చదివిన దాంట్లో ఉన్నది ఆయనొక్కడే, ఆ ఇల్లు నడిపింది ఇద్దరూ.

కాబట్టి భర్తగా ఆయన ఎలాంటివారో నువ్వు చెప్పకు, అమ్మగారిని చెప్పనివ్వు. ఫోన్ రికార్డింగ్ పెట్టి ప్రశ్నలు వరసగా అడిగేయకు, చిక్కుడుకాయలు ఒలుస్తూ పక్కన కూర్చో, ఆవిడే మొదలుపెడుతుంది. ఏవైనా చేదు మాటలొస్తే కొట్టేయకు. దావీదు తప్పుల్ని బైబిలే దాచలేదు, అయినా దేవుని హృదయానుసారుడు అనే అంది, మనం మన నాన్నల్ని అంతకంటే శుభ్రంగా చూపించాలా?

మీ ఇంట్లో పెద్ద బైబిల్ ఉంది కదా, అట్ట లోపలి ఖాళీ కాగితాల మీద నాన్నగారి చేతిరాతతో మీ పుట్టినరోజులు రాసి ఉంటాయి, వాటిని ఫోటో తీసి నాకు పంపు. కూడికకి ఇంకా మూడు వారాలుంది, అక్కతో మాట్లాడాక మళ్ళీ రాసి పంపు, ఎంత పొడుగైనా పర్లేదు చదువుతా. అమ్మగారికి నా వందనాలు చెప్పు.

అక్క లాంటి నేను