కట్టు మార్చేటప్పుడు పాటలు పెడితే నొప్పి తగ్గుతుందా?

ఒడిశాలోని రాయగడలో ఉంటున్న మీ అమ్మగారికి కాలికి షుగర్ పుండు, రోజు విడిచి రోజు కట్టు మారుస్తుంటే విలవిల్లాడిపోతున్నారు, పాటలు పెడితే పనికొస్తుందా అని అడిగారు. పనికొస్తుంది, కానీ నొప్పి మాత్రకు బదులుగా కాదు. 2015లో లాన్సెట్ వైద్య పత్రిక 73 అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష వేసింది: ఆపరేషన్‌కు ముందో, మధ్యలోనో, తర్వాతో సంగీతం విన్నవాళ్లకు తర్వాత నొప్పి, ఆందోళన, నొప్పి మందుల వాడకం తగ్గాయి.

మాత్ర డాక్టరు చెప్పిన వేళకే వేయండి. కట్టు విప్పడానికి పావుగంట ముందే పాట మొదలవ్వాలి. నొప్పి మొదలయ్యాక పెడితే అంతగా చెవికెక్కకపోవచ్చు. నెమ్మదైన లయ మంచిది, నిమిషానికి 60–80 తాళపు దెబ్బలు. ఏ పాటన్నది మాత్రం ఆవిడ ఇష్టమే: మజ్జిగౌరమ్మ అమ్మవారి పాటలైనా సరే, ఒడియా భజనలైనా సరే.

ఇయర్‌ఫోన్ ఒక చెవికే పెట్టండి, నర్సు ఒడియాలో కాలు కదపొద్దంటే వినబడాలి. పాటలు ముందే డౌన్‌లోడ్ చేసి ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో ఉంచండి. మధ్యలో ప్రకటన అరిస్తే ఉలిక్కిపడి కాలు లాగేసుకుంటారు.

అసలు బాధంతా ఎండి అతుక్కుపోయిన గాజ్ గుడ్డ పీకినప్పుడే. సెలైన్‌తో తడిపి, కొన్ని నిమిషాలు నాననిచ్చి తీయమని అడగండి, మొహమాటపడొద్దు. అవే పాటలు మామూలు వేళల్లోనూ వినిపించండి. లేకపోతే పాట మొదలవగానే కట్టు గుర్తొచ్చి గుండె దడ పుడుతుంది.

షుగర్‌తో పాదం మొద్దుబారినవాళ్లకు కొత్తగా నొప్పి పెరిగినా, వాపు, చీము, దుర్వాసన, జ్వరం వచ్చినా పాటతో సరిపెట్టకండి. ఆ రోజే డాక్టరుకు చూపించండి.