ముందు కుక్కపిల్ల పెదవి ఎత్తి చూడడం నేర్చుకోండి

రెండు నెలల కుక్కపిల్లను తెచ్చుకున్నాం, ఇంట్లో పిల్లి కూడా ఉంది, విజయవాడలో ఏ జబ్బుకు ఎక్కువ భయపడాలి అని అడిగారు. మీ కుక్కపిల్ల వయసుకు మొదటి శత్రువు పార్వో అనే వైరస్ జబ్బు. వాంతులు, నెత్తురు విరేచనాలు కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకండి. టీకాలన్నీ పూర్తయ్యేదాకా వీధిలో నడిపించకండి, ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది. ఈ మాట టీకా వేసే డాక్టరు ఎలాగూ చెబుతారు. మాకు ముందుగా ఎవరూ చెప్పనిది గోమార్ల సంగతి. కొందరు పిడుదులంటారు.

మాది సింగ్ నగర్. మా చిట్టి నాటు కుక్క. ఒక మే నెలలో పెరుగన్నం పెడితే వాసన చూసి వదిలేసింది. ఈ ఊరి ఎండల్లో మనుషులకే అన్నం సయించదు కదా అని రెండు రోజులు మజ్జిగతో నెట్టుకొచ్చాం. మూడో రోజు మెట్లెక్కలేక కూలబడింది. మొదట వెళ్లిన చోట ఒక ఇంజెక్షన్ చేసి పంపేశారు, రక్తపరీక్ష ఊసే లేదు. మర్నాడు ముక్కు నుంచి నెత్తురు. వేరే డాక్టరు దగ్గరకు పరుగెత్తాం. ఆయన అన్నిటికంటే ముందు దాని పై పెదవి ఎత్తారు. గులాబీ రంగులో ఉండాల్సిన చిగుళ్లు సున్నం కొట్టినట్టున్నాయి. పొట్ట మీద సూది మొనలంత ఎర్ర చుక్కలు. అది ఎర్లీకియా, గోమార్లు కుట్టడం వల్ల వచ్చే జ్వరం. ప్లేట్‌లెట్లు పడిపోతాయి. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్రలు 28 రోజులు వాడమన్నారు. వారానికే గంతులు వేసింది గాని మాత్రలు ఆపలేదు.

తప్పు మాదే. ఒంటి మీద గోమార్లను ఏరి పారేసి, పీడ వదిలిందనుకునేవాళ్లం. నెత్తురు తాగి ఉబ్బిన ఆడ గోమారి కిందికి దిగి గోడ పగుళ్లలో వేల గుడ్లు పెడుతుందట! పగుళ్లు సిమెంటుతో పూడ్పించి, ఏడాది పొడవునా చిట్టికి గోమార్ల మందు వాడితే గాని మా ఇంట్లో తగ్గలేదు.

ఆ మందుతోనే మీ పిల్లికి ముప్పు. కుక్కలకు రాసే కొన్ని గోమార్ల మందుల్లో పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటుంది, అది పిల్లికి విషం. మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ పిల్లికి అంతకంటే ఘోరం. దాన్ని హరించుకునే శక్తి పిల్లి కాలేయానికి లేదు. ఒక్క మాత్రతో ప్రాణం పోవచ్చు, చిగుళ్లు గోధుమ రంగుకు తిరుగుతాయి. విరుగుడు ఉంది గాని గంటల్లో పడాలి. పొరపాటున వేసి ఉంటే సిగ్గుపడి దాచకుండా డాక్టరుకు చెప్పండి.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు నీళ్లు మా పేటను ముంచినప్పుడు చిట్టిని మేడ దిగనివ్వలేదు. ఎలుకల మూత్రం కలిసిన నీటితో లెప్టో (లెప్టోస్పైరోసిస్) అనే జబ్బు వస్తుంది, కుక్కలకే కాదు, మనకూ. అందులో చిగుళ్లు పసుపు పచ్చగా మారవచ్చు. దానికి టీకా ఉంది, ఏటా వేయించాలి.

మీ కుక్కపిల్ల చిగుళ్లు పుట్టుకతోనే నల్లగా ఉంటే కింది కనురెప్పను కాస్త లాగి లోపలి రంగు చూడండి. అది హుషారుగా ఉన్న ఈ రోజుల్లోనే ఒక ఫొటో తీసి పెట్టుకోండి, రేపు పోల్చి చూసుకోవడానికి.