అల్లుడూ, ముందు ఓ చిన్న పద్దు తెరువు

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

బండి లోను రాలేదని రెండు రోజులుగా ముఖం మాడ్చుకుని ఉన్నావట, అక్క ఫోన్‌లో చెప్పింది. నువ్వు పంపిన సిబిల్ రిపోర్టు చూశాను, అదే, మన అప్పుల చరిత్ర రాసిపెట్టే సంస్థ ఇచ్చేది. స్కోరు ఉండాల్సిన చోట ‘ఎన్‌హెచ్’ అని ఉంది. నో హిస్టరీ అన్నమాట. నువ్వు ఎగవేతదారువని కాదు, నీ గురించి రాయడానికి వాళ్ళ దగ్గర ఏమీ లేదని. ఖాతాలో లక్ష ఉన్నా, నెలనెలా చీటీ తప్పకుండా కడుతున్నా అవి అందులో ఎక్కవు. అప్పు తీసుకుని, తిరిగి కడితేనే ఎక్కుతుంది. మా నాన్న రోజుల్లో ఎరువుల కొట్టు షావుకారు ‘ఫలానా వాళ్ళబ్బాయివా, పట్టుకెళ్ళు’ అనేవాడు. ఆ పరపతి మా ఊరి పొలిమేర దాటేది కాదనుకో.

నేనైతే ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద క్రెడిట్ కార్డు తీసుకోమంటాను. ఓ ఇరవై వేలు డిపాజిట్ వెయ్యి. చాలా బ్యాంకులు అందులో 75 నుంచి 90 శాతం దాకా లిమిట్ ఇస్తాయి. డిపాజిట్ మీద వడ్డీ ఎలాగూ వస్తూనే ఉంటుంది. నెలకు రెండుసార్లు పెట్రోలు కొట్టించు, ఫోన్ రీఛార్జి చేయించు, చాలు. లిమిట్‌లో మూడో వంతు దాటనివ్వకు. ఆరు నెలలు గడిచాక స్కోరు కనబడుతుంది. అది 300 నుంచి 900 దాకా ఉంటుంది. 750 దాటితే బ్యాంకులో కూర్చోమని కుర్చీ చూపిస్తారు.

ఇప్పుడు అసలు సంగతి. స్టేట్‌మెంట్‌లో రెండు అంకెలు ఉంటాయి. ఒకటి మొత్తం బాకీ, 18,400 అనుకుందాం. రెండోది మినిమమ్ డ్యూ, అంటే ఆ నెల కనీసం కట్టాల్సింది, 920. ఆ రెండోది చూసి ‘హమ్మయ్య, ఇంతేనా’ అనిపిస్తుంది. అక్కడే మునిగేది. మిగిలిన 17,480 మీద నెలకు మూడున్నర శాతం వేస్తారు, అంటే 612. దాని మీద 18 శాతం జీఎస్టీ, ఇంకో 110. పై నెల మళ్ళీ మినిమమ్మే కడితే అందులో ముప్పాతిక వంతు వడ్డీకీ, జీఎస్టీకే పోతుంది. ఏడాదికి 42 శాతం అంటే నీకు తట్టకపోవచ్చు, మన లెక్కలో చెబుతా: నూటికి మూడున్నర రూపాయల వడ్డీ. మీ తాతయ్య రెండు రూపాయల వడ్డీకి ఇచ్చేవాడి గుమ్మం కూడా తొక్కేవాడు కాదు. కాబట్టి మొత్తం బాకీ ఆటోమేటిక్‌గా ఖాతా నుంచి కట్ అయ్యేలా పెట్టెయ్. కార్డుతో ఏటీఎంలో డబ్బు మాత్రం తీయకు, ఆ రోజు నుంచే వడ్డీ మొదలు.

ముప్పై ఏళ్ళు బ్యాంకులో పనిచేసినవాణ్ణి, నేనూ ఓసారి బోల్తా పడ్డాను. వాడని కార్డును కత్తెరతో నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేసి, పని అయిపోయిందనుకున్నాను. ఖాతా మాత్రం బతికే ఉంది. ఏడాది ఫీజు పడింది, దాని మీద లేటు ఫీజు పడింది, ఉత్తరాలేమో పాత అద్దె ఇంటికి వెళ్ళాయి. మూడేళ్ళ తర్వాత ఇంటి లోనుకి వెళితే అవతలి మేనేజరు కంప్యూటర్ నా వైపు తిప్పి చూపించాడు. సిగ్గుతో చచ్చిపోయాను. కార్డు వద్దనుకుంటే రాసి ఇచ్చి మూయించు, మూసినట్టు కాగితం తీసుకో. బాకీ ఉంటే బ్యాంకు వాళ్ళు ‘సగం కట్టు, సెటిల్ చేద్దాం’ అన్నా ఒప్పుకోకు, ‘సెటిల్డ్’ అనే మాట రిపోర్టులో ఏళ్ళ తరబడి ఉండిపోతుంది.

స్నేహితుడి లోనుకి హామీ సంతకం అడిగితే నా పేరు చెప్పి తప్పించుకో. బండి లోను కోసం మళ్ళీ పది యాప్‌లలో అప్లై చేయకు, ప్రతి ఎంక్వైరీ రిపోర్టులో పడుతుంది.

ఆ రిపోర్టు ఏడాదికోసారి ఉచితం. సిబిల్ కాక ఇంకో మూడు సంస్థలున్నాయి, వాళ్ళూ ఇవ్వాల్సిందే. తప్పు కనిపిస్తే ఫిర్యాదు పెట్టు. 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు వంద రూపాయల పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2023లో చెప్పింది.

ఇంకొకటి, నీ పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా ముందుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే, అదీ చివర. రేపు నీ పద్దు ఇంకెవరి పద్దుతోనో కలిసిపోతే విడదీసుకోవడం పెద్ద టెన్షన్. ఈ శనివారం ఆధార్ కేంద్రానికి వెళ్ళి ముందు ఆ పేరు సరిచేయించు, డిపాజిట్ సంగతి సోమవారం చూసుకోవచ్చు.

మీ మామయ్య