ఆరో నెలలో స్విమ్‌సూట్ వేసుకుని అపార్ట్‌మెంట్ పూల్‌కి వెళ్లాలంటే బిడియంగా ఉంది, ఏం చేయాలి?

ముందు పాత స్విమ్‌సూట్ పక్కన పెట్టేయండి. ఈ ఇబ్బందిలో సగం బిగుతు వల్ల వచ్చేదే. పొట్ట దగ్గర లాగుతూ, ఛాతీ దగ్గర చాలకుండా ఉంటే ఎవరికైనా చెయ్యి మాటిమాటికీ బట్టల మీదికే పోతుంది. మెటర్నిటీ స్విమ్‌సూట్‌కి పొట్ట పక్కల కుచ్చులుంటాయి, నెలలు పెరిగేకొద్దీ సాగుతాయి. మామూలుగా గర్భానికి ముందు సైజే సరిపోతుంది. కాళ్లూ చేతులూ కనబడటం ఇష్టం లేదా? మోకాళ్ల దాకా, మోచేతుల దాకా వచ్చే నైలాన్ సూట్లూ ఉన్నాయి. కాటన్ చుడీదార్‌తో మాత్రం దిగొద్దు. నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, చాలా పూల్స్‌లో ఒప్పుకోరు కూడా.

పొట్ట మీద నల్లగీత హార్మోన్ల పని, ప్రసవం తర్వాత మెల్లగా తగ్గుతుంది. చర్మం సాగి పడే చారలు పూర్తిగా పోవు, రంగు తేలికపడతాయి.

నన్నడిగితే అసలు టెన్షన్ అంతా లిఫ్ట్ నుంచి పూల్ గట్టు దాకా నడిచే ఆ కాసేపే. వదులుగా ఉండే కాఫ్తాన్ వేసుకెళ్లి గట్టు మీద తీసేయండి. దిష్టి తగులుతుందని కంగారుపడే అత్తగారికీ అదే సమాధానం. ఛాతీ లోతు నీళ్లలోకి దిగాక ఒంటి బరువులో చాలా భాగం నీళ్లే మోస్తాయి, నడుముకి ప్రాణం లేచొస్తుంది. పొట్ట కూడా ఎవరి కంటా పడదు.

డాక్టర్ని అడిగాకే మొదలుపెట్టండి. రక్తస్రావం గానీ ఉమ్మనీరు కారడం గానీ ఉంటే దిగకూడదు, డైవింగ్, వేడినీళ్ల టబ్ రెండూ వద్దు. గట్టు మీద టైల్స్ జారతాయి, జారని రబ్బరు చెప్పులు వేసుకోండి.