అమెరికన్ సాహిత్యంపై పీహెచ్‌డీ చేస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఎంఏ ఇంగ్లిష్ చివరి సంవత్సరంలో ఉంది. తొలినాటి అమెరికన్ సాహిత్యంలో రాజకీయ నిరసన మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. మన దగ్గర దానికి భవిష్యత్తు ఉంటుందా? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: లెక్చరర్ ఉద్యోగం దగ్గర టాపిక్ కంటే ముందు నెట్ (జాతీయ అర్హత పరీక్ష) గానీ, సెట్ (రాష్ట్ర అర్హత పరీక్ష) గానీ ఉందా అని అడుగుతారు. చాలా యూనివర్సిటీలు పీహెచ్‌డీ సీటుకు కూడా నెట్ స్కోరే చూస్తున్నాయి. నెట్‌లో మంచి ర్యాంకుతో జేఆర్ఎఫ్ (పరిశోధనకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) వస్తే ఖర్చుల టెన్షన్ మీకుండదు. కాబట్టి ముందు ఆ పని కానివ్వండి.

ఇక టాపిక్. ‘రాజకీయ నిరసన’ అని ప్రపోజల్‌లో రాస్తే ఇంటర్వ్యూలో ఎవరి నిరసన, ఎవరి మీద అని అడుగుతారు. 1776 జనవరిలో ‘కామన్ సెన్స్’ రాసిన థామస్ పెయిన్ బ్రిటిష్ రాచరికం మీద విరుచుకుపడ్డాడు. అదే ఏడాది అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మనుషులంతా సమానమేనంది, బానిసత్వం మాత్రం అలాగే ఉండిపోయింది. నా దృష్టిలో అసలు పరిశోధన ఇక్కడే ఉంది. బోస్టన్‌లో పాత బట్టల దుకాణం నడిపిన నల్లజాతీయుడు డేవిడ్ వాకర్ 1829లో ‘అప్పీల్’ అనే కరపత్రం అచ్చువేశాడు. అందులో ఆ ప్రకటనలోని వాక్యాలనే ఎత్తి రాసి, మీ మాటకు మీరే కట్టుబడరేమని తెల్లవారిని నిలదీశాడు. నావికుల చేతికిచ్చి దక్షిణాది రేవులకు పంపాడు. సవానాలో ప్రతులు దొరకగానే జార్జియా పాలకులు హడలిపోయి, అలాంటి రాతలు పంచితే కఠిన శిక్షలంటూ చట్టం తెచ్చారు. 1852 జులై 5న రోచెస్టర్‌లో, బానిసత్వం నుంచి తప్పించుకుని దాని మీదే పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్ చేసిన ప్రసంగం కూడా ఈ కోవలోదే. స్వాతంత్ర్య ప్రకటనను ఈ ఇద్దరూ ఎలా వాడుకున్నారన్నది మంచి టాపిక్. గైడ్ కూడా వెంటనే ఒప్పుకుంటారు.

మనతో పోలిక కావాలంటే జ్యోతిరావు ఫూలే ఉన్నారు. 1873లో ‘గులాంగిరి’ పుస్తకాన్ని ఆయన బానిస విముక్తికి పాటుపడిన అమెరికన్లకు అంకితమిచ్చారు. ఈ దారి పడితే దళిత సాహిత్యం చెప్పే కాలేజీల్లోనూ మీ అమ్మాయికి విలువ ఉంటుంది.

మూల గ్రంథాలన్నీ కాపీరైట్ తీరినవే, ఉచితంగా దొరుకుతాయి. ఉస్మానియా క్యాంపస్‌లో 1964లో అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్‌గా మొదలైన సంస్థ లైబ్రరీని ఒకసారి చూసి రమ్మనండి. పీహెచ్‌డీలో రిజిస్టరయ్యాక ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టోరల్ ఫెలోషిప్‌కు దరఖాస్తు చేస్తే కొన్ని నెలలు అమెరికాలోని ఆర్కైవ్‌లలో పనిచేసే వీలుంటుంది. ప్రపోజల్ గట్టిగా ఉండాలి. అందుకే టాపిక్ ఇప్పుడే కుదించుకోమంటున్నాను.